ఆడవాళ్ల వంతు

“ప్రతి శనివారం ఆవిరిగది వేడెక్కి మన ఆడవాళ్ల వంతు రాగానే నీకు తలనొప్పేంటమ్మా?” తువ్వాలు భుజాన వేసుకున్న మిర్వా గుమ్మం దగ్గర నుంచి కదల్లేదు.

“ఒక్కదానివే వెళ్లవే. ఇంత వయసొచ్చాక వీపు రుద్దడానికి నేను కావాలా?” అంది సిల్కా.

“పుట్టినప్పట్నుంచీ ఒకే బల్ల మీద బట్టల్లేకుండా కూర్చున్నాం. ఇప్పుడు కొత్తగా సిగ్గా? అమ్మమ్మ కూడా పోయే ముందు ఏడాది ఇలాగే మానేసింది. నీ మీద అలిగిందని నువ్వు ఏడ్చావు.”

సిల్కా కుర్చీలో కూలబడింది. ముట్టు ఆగి ఆరేళ్లయింది. ఇన్నాళ్లూ పొడిగా ఉన్న ఒంట్లోంచి ఈమధ్య నీళ్లలా తెల్లబట్ట అవుతోంది. అందులో లేత ఎరుపు, వాసన. వయసు మార్పేనని సర్దిచెప్పుకుంది. బల్లమీద పరిచిన తెల్లగుడ్డకు మరకవుతుందని భయపడి తలనొప్పి సాకు వెతుక్కుంది.

“అమ్మ అలగలేదే,” అంది. “నాలాగే ఇదే దాచి ఉంటుంది. నేనే అలిగి, పలకరించకుండా ఆమెను పోనిచ్చాను.”

మిర్వా వచ్చి పక్కన కూర్చుంది. సిల్కా ఆమెకు అంతా చెప్పింది.

వంటింట్లో భర్త, అల్లుడు సాసేజ్‌లు కాలుస్తున్నారు. సిల్కా తువ్వాలుతో అక్కడికి వెళ్లింది.

“ఆవిరిగది పొయ్యిలో ఇంకో రెండు కట్టెలు వెయ్యండి. మేమిద్దరం స్నానానికి వెళ్తున్నాం. నాకు మళ్లీ రక్తం కనిపిస్తోంది. సోమవారం డాక్టర్‌ దగ్గరికి వెళ్తాను.”