రెండు కొక్కేలు

నాగేశ్వర యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాడు. అంబాసిడర్ మాత్రం తగ్గలేదు. పెడల్ పైకి రాకుండా కిందే పడుకుంది. ఇంజను గావుకేకలు పెట్టింది.

రెండు కాళ్లతో బ్రేకు మీద నిలబడ్డాడు. ముసలి బండి బ్రేకులు ఏపాటివి? తాళంచెవి తిప్పాలని తోచేలోపే కారు రోడ్డు దిగింది. టీ కొట్టు బెంచీని విరగ్గొట్టి, దాని మీద గ్లాసు పట్టుకుని కూర్చున్న మనిషిని గోడకేసి నొక్కేసింది.

ఆ మనిషి ఓబన్న.

ఊళ్లో ఇంతమంది ఉండగా వాడే దొరకాలా! నాగేశ్వర చిన్నప్పుడు, బోరు తగాదాలో, అతని నాయన శ్రీరంగప్పను ఇదే కారులోంచి బయటికి లాగి కుందుర్పి బస్టాండులో పట్టపగలు నరికినవాడు ఓబన్న. బస్టాండు నిండా జనమే. సాక్ష్యానికి మాత్రం ఒక్కడూ రాలేదు. కేసు కొట్టేశారు.

ఆ రోజు నుంచీ నాగేశ్వర తల్లి కదిరమ్మ మొగుడికి బట్టలు పెట్టలేదు. పెద్దల అమావాస్యకు ఊరంతా పోయినవాళ్ల పటం ముందు కొత్తబట్టలు పెట్టి వడలు వండుకుంటే, ఆమె పొయ్యి కూడా వెలిగించేది కాదు. "ఓబన్న రగతం కండ్ల చూసినంకనే" అనేది.

కొడుకేమో పగ ఊసే ఎత్తలేదు. షెడ్డులో తుప్పు పట్టిన నాయన కారును ఏళ్ల తరబడి బాగుచేసుకుని, పెళ్లి ఫొటోలకు బాడుగకు తిప్పుకుంటున్నాడు. మరమ్మతు చేస్తుంటే పక్కన కూర్చుని పానాలు అందించింది కదిరమ్మే. ఊరు మాత్రం అతన్ని చేతగానివాడు అంది.

అలాంటివాడు ఇప్పుడు గొంతు చించుకుంటున్నాడు.

"స్ప్రింగు తెగింది! నేను గాదన్నా, స్ప్రింగు తెగింది!"

ఎవరు వింటారు? ఓబన్న కొడుకు గిరి కిటికీలోంచి చెయ్యి పెట్టి ముందు తాళంచెవి పీకి నేలకేసి కొట్టాడు. తర్వాత నాగేశ్వర జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చాడు.

"మా నాయన్ను సంపి స్ప్రింగంటావా నా కొడకా!"

రాయి తీసుకుని నోటి మీద గుద్దాడు. పళ్లు రాలాయి. మిగతావాళ్లు దొరికిన కట్టె దొరికినట్టు అందుకున్నారు. ఎడమ చెయ్యి పుటుక్కున విరిగింది. కదిరమ్మ పరుగెత్తుకొచ్చి మీద పడకపోతే ప్రాణమూ పోయేదే.

పోలీసులు అతన్ని జీపులో పడేసుకున్నారు. ఓబన్న శవాన్ని ఆస్పత్రికి మోసుకుపోతూ గిరి మనుషులు, తిరిగొచ్చి కారును తగలబెడతామని అరిచారు. కదిరమ్మ బానెట్‌కు వీపు ఆనించి నేల మీద చతికిలబడింది.

"ఈ కారు జోలికొచ్చేటోళ్లు ముందు నన్ను కాల్చండప్పా!"

రక్తం మింగుతూనే నాగేశ్వర తల్లికి మనసులో దండం పెట్టుకున్నాడు. కారు కాలితే, పెడల్‌ను పైకి లాగే ఆ స్ప్రింగు తెగిందన్న ఆనవాలే మిగలదు. ఆ ముక్క ఉంటేనే ఇది ప్రమాదం. లేకపోతే హత్య.

సాయంత్రం దాకా తల్లి ఒక్కతే కాపలా కాసిందనీ, తర్వాత కారును స్టేషనుకు లాక్కెళ్లారనీ తెలిసింది. హమ్మయ్య అనుకున్నాడు.

లాయరు త్రివేణి జైలుకు వచ్చింది. మొహం బాగాలేదు.

"బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చూశాడు నాగేశ్వరా. స్ప్రింగు తెగలేదు. రెండు కొక్కేలూ సరిగ్గా తగిలి ఉన్నాయి. పైగా అది కొత్తదట."

"లేదు మేడం, తెగింది! నా కాలికి తెలీదా?"

"కాలి సాక్ష్యం కోర్టులో చెల్లదు. దానికి తోడు పాత పగ. ఊరంతా నువ్వే కావాలని గుద్దావంటోంది."

డిక్కీలో అతను దాచుకున్న స్పేరు స్ప్రింగు గుర్తొచ్చింది. దాన్ని తీసి తగిలించారు. ఎవరు? ఇంకెవరు, గిరిగాడే! స్టేషనులో ఎవరి చెయ్యో తడిపి లోపలికి దూరి ఉంటాడు.

ఆ వారమే స్నానాల తొట్టి దగ్గర గిరి బంధువొకడు నాగేశ్వర గొంతు మీద కాలేసి తొక్కాడు. ఊపిరి ఆడక కళ్లు తేలేస్తూ కూడా అతను స్ప్రింగునే తలచుకున్నాడు. బతికాక అతనిలో మిగిలింది కోపమే. జన్మలో కొడవలి పట్టనివాడు రాత్రింబవళ్లు కొడవలినే కలవరించాడు.

ములాఖత్‌కు కదిరమ్మ వచ్చింది. తలకు నూనె రాసుకుంది. కొత్త చీర కట్టింది. మొహంలో ఎన్నడూ లేని కళ.

"మీ నాయనకు బట్టలు పెట్టినా. పంచె, తువ్వాల. వడలు జేస్తే ఊరంతా వచ్చి తినిపోయినారు. పులి కడుపున పులే పుట్టిందంటాండారు నిన్ను."

"నేను సంపలేదుమా."

"ఆ మాట అనద్దు. స్ప్రింగు తెగి సచ్చినాడంటే మీ నాయనకు ఏం దక్కుతాది?"

నాగేశ్వర చెవికి ఆ మాట ఎక్కలేదు. విరిగిన చేతి కట్టును జాలీకేసి కొట్టాడు. ఊడిన పళ్ల సందుల్లోంచి ఉమ్మి ఎగిరింది.

"నేను యా పొద్దన్నా బయటికొస్తా. ఆ కొత్త స్ప్రింగు తగిలిచ్చిన చేతులుండాయే, వాటిని మణికట్ల కాడికి నరుకుతా. నాయన మీద ఒట్టు!"

కదిరమ్మ చెంగుతో కళ్లు తుడుచుకుని, రెండు చేతులూ జాలీకి ఆనించి, "ఇయ్యే నాయనా ఆ చేతులు, నరుకు" అంది.