వెనకున్న మనిషి

“ఆ మసగ్గా ఉన్నోడి మొహం కనబడాల. తెప్పియ్యి,” అంది అలివేలమ్మ, స్టూడియోలో కుర్చీ లాక్కుని కూర్చుంటూ.

స్టూడియో నడిపే సనా మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. కంప్యూటర్ తెర మీద అలివేలమ్మ మనవరాలు ప్రత్యూష ఓణీల ఫంక్షన్ ఫొటో ఉంది. పిల్ల నవ్వుతోంది. ఆ పిల్ల భుజం వెనక, దూరంగా, మిరపకాయల కల్లంలో పొగ. పొగ ముందు ఎవరో మనిషి, నీడలాగా. ఆ రోజు ఆ మంటల్లోనే అలివేలమ్మ తమ్ముడు గోపాలకృష్ణయ్య ఒళ్ళు కాలింది. ఇప్పుడు గుంటూరు ఆస్పత్రిలో చావుబతుకుల్లో ఉన్నాడు.

“అది ఫోకస్‌లో లేదు పెద్దమ్మా. రాదు.”

“ఫొటో తీసినాక గూడా ఫోకస్ మార్చుకోవచ్చని నువ్వేగా చెప్పావు. కొత్త కెమెరా వచ్చిందని బయట ఫ్లెక్సీ గూడా కట్టావు.”

సనా పొద్దున్నే ఫోకస్ మార్చి చూసుకుంది. ఆ మనిషి తన తమ్ముడు అన్సార్. మొహం చూడగానే భయమేసి గబుక్కున మూసేసింది. లైటు స్టాండు తెస్తానని కల్లం వైపు వెళ్ళినవాడు ఆ రోజు నుంచి ఇంటికి రాలేదు. ఫోన్ ఎత్తడం లేదు.

“ఫైలు పాడైనట్టుంది పెద్దమ్మా. రేపు రండి.”

“పాడైందంటందిగా. లెయ్యమ్మా, పోదాం,” అన్నాడు పక్కనే నిలబడ్డ అలివేలమ్మ కొడుకు రవిశంకర్.

“నువ్వాగు. ఏమే, నా మొహంలోకి చూడకుండా మాట్లాడతన్నావేంది?”

ఇక తప్పలేదు. సనా బాణం గుర్తును పొగ ముందున్న నీడ మీదకి జరిపి నొక్కింది. ప్రత్యూష నవ్వు మసకబారింది. వెనక నుంచి అన్సార్ మొహం తేటపడుతూ వచ్చింది.

“ఈడు నీ తమ్ముడే గదా,” రవిశంకర్ ఆమె మీదకి వంగాడు. “యాడ దాచావు? చెప్పు.”

“తెలీదన్నా. ఒట్టు, నాకు తెలీదు. వాడట్టాంటోడు గాదు.”

“వాడెట్టాంటోడో మావోళ్ళు చూసుకుంటారు.” జేబులోంచి ఫోన్ తీశాడు. సనా తమ్ముణ్ణి తన చేత్తోనే పట్టిచ్చింది.

అలివేలమ్మ లేవలేదు. కళ్ళజోడు సర్దుకుని తెరకి దగ్గరగా జరిగింది.

“ఉండరా. ఈ పిల్లోడు పారిపోవట్లా. మంటకేసి చెయ్యి చూపిచ్చి అరస్తన్నాడు. ఎవర్ని చూసి?”

అన్సార్ వెనకున్న పొగ మీద వేలు పెట్టింది.

“ఇది ఇంకా వెనక్కి పొయ్యిద్దా?”

“పోతుంది పెద్దమ్మా.”

“పోనియ్యి.”

రవిశంకర్ ఫోన్ చెవి దాకా వెళ్ళి ఆగిపోయింది. సనా నొక్కింది. ఈసారి అన్సార్ మసకైపోయాడు. పొగ చాటున, మిరపకాయల బస్తాల పక్కన, పెట్రోలు డబ్బా పట్టుకున్న మనిషొకడు తేలాడు. ముందు చొక్కా, తర్వాత మీసం, ఆఖరికి మొహం.

అలివేలమ్మ తెర మీంచి చూపు తిప్పకుండానే, చిన్న గొంతుతో అంది.

“సనా, షట్టర్ దించు తల్లీ. మేనమామని తగలెయ్యబోయిన నా కొడుకు బయటికి పోగూడదు.”