రెండు వారాల తేడా

"నా మనవరాల్ని గెంటేసేరమ్మా! పది రోజుల పసిగుడ్డుతో సహా!"

పాపాయమ్మ ఆసుపత్రి కాగితాన్ని బల్ల మీద కొట్టింది. మలికిపురానికి ఈ మధ్యే బదిలీ మీద వచ్చిన నర్సు మెర్సీ దాన్ని తీసి చూసింది. కాన్పు నాటికి ముప్పై తొమ్మిది వారాలు. పూర్తి నెలల బిడ్డ.

"మా జాయ్ మొగుడు కువైట్ నుంచి దిగి కాన్పు నాటికి ముప్పై ఏడు వారాలేనంట. ఆ పై రెండు వారాలూ ఎవడివే అని అడిగిందంట దాని అత్తగారు. సఖినేటిపల్లి నుంచి ఏడుస్తూ వచ్చింది పిల్ల. నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు."

మెర్సీ పాపాయమ్మ పేరూ ఊరూ అడిగింది. చెప్పాక మళ్ళీ అడిగింది.

"ఒక్క నిమిషం మామ్మగారూ" అని బయటికెళ్ళి, ఎవరికో ఫోన్ చేసి వచ్చింది.

"వారాలు లెక్కపెట్టేది కడుపున పడ్డ రోజు నుంచి కాదండీ. ఆఖరిసారి నెలసరి వచ్చిన మొదటి రోజు నుంచి. కడుపు నిలిచేది ఆ తర్వాత సుమారు రెండు వారాలకి. ఆ లెక్కన ముప్పై తొమ్మిది నిండితే పూర్తి నెలలంటాం."

"అంటే మా పిల్ల తప్పేం లేదా?"

"ఆయ్. లేదండీ."

పాపాయమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ వెంటనే పళ్ళు కొరికింది.

"ఆ ముసల్దాన్ని దేవుడు వదిలినా నేను వదలను!"

"పాపం, తెలీక చేసేరేమోనండీ."

"తెలీకపోతే అడగద్దా? సంతలో వంకాయల ధర పదిమందిని అడుగుద్ది. ఈ ఒక్క మాట అడిగితే నోరు అరిగిపోద్దా?"

"క్షమించమనే కదండీ పాస్టరు గారు చెప్పేది?"

"క్షమిస్తాను. శిక్ష పడ్డాక."

మెర్సీ కాగితాన్ని నెమ్మదిగా మడిచింది.

"ఏం శిక్షండీ?"

"బాలింతని గెంటిన ముసల్ది జనం చూస్తుండగా ఆ బాలింత కాళ్ళు పట్టుకోవాలి. మోకాళ్ళ మీద!"

వరండాలో బెంచీ మీద వరసగా కూర్చున్న ఆడవాళ్ళు తలలు తిప్పి చూశారు.

"ఏళ్ళు గడిచిపోయినా సరేనాండీ?"

"ఎన్నేళ్ళయితే ఏం? చచ్చేలోపు పట్టుకోవలసిందే!"

మెర్సీ లేచి తలుపు బార్లా తెరిచింది.

"అయితే రండి నాన్నమ్మా, ఇదే లెక్క పెట్టి ఇరవై నాలుగేళ్ళ కిందట మీరు నాతో సహా గెంటేసిన మా అమ్మ, ఇందాకటి నా ఫోనుకి వచ్చి ఆ బెంచీ మీదే కూర్చుంది."