ఎంగిలి నీళ్లు

మా అత్త మాణిక్యమ్మ ఎవరి ఎంగిలీ ముట్టదు. కన్నకొడుకు కొరికిన జామకాయనైనా నోట పెట్టి ఎరగదు.

ఇప్పుడు అందరి మెడల్లోనూ ఫిల్టర్ గొట్టాలే. ఏ నీళ్లైనా దాంతోనే పీల్చుకోవాలి. కాచినా విషం పోదు, వట్టి నీళ్లు తాగినవాళ్లు బతకడం లేదు. మంచాన పడ్డాక అత్తకు పీల్చే ఓపిక పోయింది.

నా గొట్టంతో పుక్కిటి నిండా పీల్చి, గ్లాసులోకి వదిలి, ఆమె నోటి దగ్గర పెట్టాను.

"ఛీ, ఎంగిలి!" అంది మొహం తిప్పుకుని.

"ఎంగిలే అత్తయ్యా. ఇంకెక్కడున్నాయి మంచినీళ్లు?"

నిన్నంతా పళ్లు బిగబట్టే పడుకుంది. నాకు ఒళ్లు మండి, పొమ్మని వదిలేశాను. ఇవాళ పొద్దున తనే నోరు తెరిచింది. పట్టిన గుక్కెడూ కళ్లు మూసుకుని మింగేసి, నా చెయ్యి పట్టుకుంది.

"ఇంకాస్త ఉమ్మవే తల్లీ."

మళ్లీ గొట్టం నోట్లో పెట్టుకున్నాను. దవడలు నొప్పి పుట్టేదాకా లాగినా చుక్క రాలేదు. మొన్న అత్తది పోయినట్టే నాదీ పూడుకుపోయింది. కొత్త గొట్టం కోసం వెళ్లిన మా ఆయన ఇంకా డిపో దగ్గర లైన్లోనే ఉన్నాడు.

అత్త నోరు తెరుచుకునే ఉంది. నా నోట్లో ఉన్నది ఉమ్మొక్కటే. అదే పట్టాను.