వైన్ పండితుడి విదేశీ ప్రయాణం

మా ఆయన ఓ పెద్ద హోటల్లో వైన్లు రుచి చూసి ఎంపిక చేసే నిపుణులు. ఆదివారం పొద్దున్నే భోజనాల బల్ల మీద మ్యాపు పరిచి, నన్ను విదేశం తీసుకెళ్లి నాలుగు రోజుల్లో పదకొండు ద్రాక్షతోటలు చూపిస్తానన్నారు. పెళ్లయిన పన్నెండేళ్లకు దయ కలిగిందన్నమాట!

"అక్కడ నీ తెలివి చూపించకు. నా పరువు పోతుంది," అని ముందే హెచ్చరించారు.

నాకు ఒళ్లు మండింది. బీట్‌రూట్ ఉడికించిన నీళ్లు వైన్ గ్లాసులో పోసి తెచ్చి, "ఇదేమిటో వాసన చూసి చెప్పండి," అన్నాను.

పండితులవారు గ్లాసు తిప్పి, కళ్లు మూసుకుని, గట్టిగా పీల్చారు. "చెర్రీపళ్లు, కాస్త పొగ... ఆరేళ్ల సరుకు!"

"బీట్‌రూట్ నీళ్లండీ, మహానుభావా!" పడీ పడీ నవ్వాను.

ఆయన నవ్వలేదు. గ్లాసు మెల్లగా కింద పెట్టారు.

"రెండు నెలల కిందట జ్వరం వచ్చిన దగ్గర్నుంచీ నాకు ఏ వాసనా తెలియడం లేదే. హోటల్లో తెలిస్తే ఉద్యోగం ఉండదు. ఆ తోటల్లో తిరిగితేనైనా వస్తుందేమోనని..."

నా నవ్వు ఆగిపోయింది. పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"రేపు డాక్టర్‌కి చూపిద్దాం. తగ్గకపోతే నేనే వాసన చూసి మీ చెవిలో చెప్తాను."

"నువ్వు చెబితే అన్నీ కూరల వాసనలే కదే," అంటూ ఆయన కళ్లు తుడుచుకున్నారు.