కొత్త తీగలు

లింగస్వామి మర తిప్పుతుంటే గిటార్ తీగ ఫట్‌మని తెగింది.

“ఇగో, ఇంకోటి పాయె!”

ఎల్బీనగర్ చౌరస్తా పక్కన టెంటు వేశారు. మధ్యాహ్నం వినయ్ సంస్మరణ సభ. తెలంగాణ జులూస్‌లో తొక్కిసలాట జరిగితే పోయాడు వినయ్. ఆ ఎలక్ట్రిక్ గిటార్ అతనిదే. పాటల బృందం గదిలో మూలన పడి తీగలు తుప్పు పట్టాయి. అతను కట్టిన పాటను అతని గిటార్ మీదే వినిపించాలని వీళ్ల పంతం.

“దిల్‌సుఖ్‌నగర్‌ల దొరకయా?” అన్నాడు డప్పు కొట్టే మట్టయ్య.

“సకల జనుల సమ్మె నడుస్తుంటే ఎవడు తెరుస్తడే షట్టరు? మూయించింది మనమే గదా!”

అప్పుడొచ్చాడు ఆ మనిషి. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా, చేతిలో చిన్న సంచి.

“నా దగ్గర తీగలున్నాయి. ఇలా ఇవ్వు బాబూ, వేస్తాను.”

లింగస్వామి ఎగాదిగా చూశాడు. వేరే దారి లేదు. ఇచ్చాడు.

ఆయన పాత తీగలు విప్పాడు. గిటార్ మెడను రుమాలుతో మెల్లగా తుడిచాడు. కొత్త తీగలు ఎక్కిస్తూ అడిగాడు.

“వినయ్ మీతో ఎలా మాట్లాడేవాడు?”

“ఎట్లనేంది? మా లెక్కనే. పక్కా నల్గొండ పోరడు.”

“అలాగా.”

తీగ కొసను మరకు చుట్టాడు. నవ్వినట్టే ఉంది.

“నీదేవూరు కాకా?” అన్నాడు మట్టయ్య.

“తెనాలి దగ్గర.”

టెంటు కింద తలలన్నీ ఇటు తిరిగాయి. నోరు తెరిస్తే చాలు, మనోడో పరాయోడో తేల్చిపారేసే రోజులవి. అందరి చెవులూ ఇప్పుడు ఆ యాస మీదే ఉన్నాయి. శ్రుతి మీద ఒక్కడివీ లేవు.

ఆయన మరలు తిప్పి శ్రుతి చేశాడు. తర్వాత ఒక్కో తీగను వేలికి తగిలించి పైకి గట్టిగా లాగాడు. శ్రుతి దిగిపోయింది. సరిచేశాడు. మళ్లీ లాగాడు.

మట్టయ్య లేచాడు. “ఏయ్! ఏం జేస్తున్నవ్? మంచిగున్న తీగలు తెంపుతవా?”

“కొత్తవి కదా బాబూ. ఇలా లాగి లాగి సాగదీస్తేనే నిలుస్తాయి. లేకపోతే పాట మధ్యలో జారిపోతాయి.”

“మాకు జెప్పకు గీ కథలు. సభ ఖరాబ్ జెయ్యనీకి పంపిన్రా నిన్ను?”

“ఇంకొక్కసారి లాగనివ్వండి. వాడి పాట...”

“వాడంటవేంది? అమరుడాయన!”

లింగస్వామి గిటార్ గుంజుకున్నాడు. మట్టయ్య ఆయన రెక్క పట్టి బయటికి నెట్టాడు. ఆయన టెంటు గుంజ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. వాళ్ల మొహాలు చూశాడు. గిటార్ చూశాడు. చంపాపేట్ వైపు నడిచి వెళ్లిపోయాడు. సంచి అక్కడే ఉండిపోయింది.

సభ మొదలైంది. వేదిక మీద వినయ్ తల్లిదండ్రులకని రెండు కుర్చీలు వేశారు. ఇన్నాళ్లు కలిసి పాడినా వినయ్ ఇంటికి వీళ్లెవరూ పోలేదు. దవాఖాన నుంచే ఇంటివాళ్లు శవాన్ని సొంతూరికి తీసుకుపోయారు. ఏ ఊరో అడిగినవాడు లేడు. క్లాస్‌మేట్ జ్యోతిక పొద్దున్నే కాలేజీలో అడ్రసు కనుక్కుని, వాళ్లను తేవడానికి గడ్డిఅన్నారం పోయింది.

పాట ఎత్తుకున్నారు. పల్లవి బాగానే సాగింది. చరణంలో గిటార్ కిందికి జారింది. గొంతులు ఒక దారి, గిటార్ ఒక దారి. లింగస్వామి మర బిగించాడు. మళ్లీ జారింది. ముందు వరుసలో ఎవరో నవ్వారు.

పాట ఆగిపోయింది.

“ఆంధ్రోడు నాశనం జేసిపోయిండు!” మట్టయ్య మైకులోనే అరిచాడు.

జనం గోల. ఆ గోలలోనే జ్యోతిక ఒకావిడ చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కించింది.

“వినయ్ వాళ్లమ్మ. సూర్యప్రభ ఆంటీ.”

లింగస్వామి తలదించుకున్నాడు. “మాఫ్ జెయ్యి అమ్మా. నీ కొడుకు పాట నిలవెట్టలేకపోయినం.”

ఆమె గిటార్ మీది కొత్త తీగలను తాకి చూసింది. ఖాళీ కుర్చీలకేసి చూసి, టెంటు కింద జనంలో వెతుక్కుంది.

“వాళ్ల నాన్నగారేరి బాబూ? వాడి గిటార్‌కి తీగలెప్పుడూ ఆయనే వేసేవారు, ఈసారీ నేనే వెయ్యాలంటూ నాకంటే ముందే వచ్చేశారే!”