కామాక్షికి ఈ పూట మబ్బు

"ఇది కుందేలా, మేకపిల్లా?" అంటూ పోలేరయ్య ఫోను చాపాడు. సముద్రం మీంచి అప్పుడే లేచిన తెల్లమబ్బు ఫోటో అది.

పక్క రొయ్యల గుంటకు కొత్తగా కాపలాకు వచ్చిన జకరయ్య ఫోనును అటూ ఇటూ తిప్పి చూసి, తనకు మబ్బులాగే కనబడుతోందన్నాడు. కామాక్షయితే టక్కున చెప్పేదనుకుంటూ పోలేరయ్య ఆ ఫోటోను భార్య నంబరుకు పంపాడు. రోజూలాగే ఒక్క టిక్కే పడింది.

అల్లూరు దాటి ఇంత దూరం వస్తే ఉప్పుగాలి, గుంటలు, ఆకాశం తప్ప పలకరించే దిక్కు లేదు. ఒకప్పుడు కామాక్షి ఈ కట్టమీద నిలబడి మబ్బుల ఫోటోలు తీస్తుంటే, నీకు పనీపాటా లేదా అని పోలేరయ్య విసుక్కునేవాడు. ఇప్పుడు ఆ పిచ్చి తనకే పట్టింది. సాయంత్రం కాగానే ఫోటో పంపడం, తర్వాత ఫోను చేయడం. రెండు రింగులు మోగి కట్టయ్యేది. ఆ రెండు రింగులు వినకపోతే అతనికి ముద్ద దిగేది కాదు. ఆమె అలిగి మనుబోలులో పుట్టింట్లో కూర్చుందని జకరయ్య లెక్క. పోలేరయ్య అవుననలేదు, కాదనలేదు.

ఇంతలో ఆ కుందేలు మబ్బు వెనకనుంచి నల్లమబ్బు కమ్ముకొచ్చింది. గాలి ఆగిపోయింది. ఇలా ముసురుకుంటే నీళ్లలో ప్రాణవాయువు తగ్గి రొయ్యలు చస్తాయి. జకరయ్య పరుగున పోయి తన గుంటలో నీళ్లకు గాలి పట్టించే చక్రాల స్విచ్చి వేసి వచ్చాడు.

"నువ్వు గూడా ఏసెయ్యన్నా. రొయ్య పైకి తేలతా ఉంది."

"ఉండబ్బయ్యా, ఆమెకు ఫోను చేసి ఏస్తా."

చేశాడు. రింగు కాలేదు. ఈ నంబరుకు ఇన్‌కమింగ్ సౌకర్యం లేదని ఏదో గొంతు చెప్పింది. మళ్లీ చేస్తే మళ్లీ అదే. ఆమె నంబరుకు రీఛార్జి గడువు నిన్నటితో అయిపోయిందని అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ ఒక్కసారి కూడా మరవలేదు.

పోలేరయ్య గబగబా రీఛార్జి చేస్తుంటే జకరయ్యకు ఒళ్లు మండింది.

"ఏందన్నా ఇది? ఒక్కసారన్నా ఎత్తి మాట్లాడిందా? ఆ నంబరు తీసిపారెయ్. ముందు రొయ్యల సంగతి చూడు."

"నంబరు మార్చమని గుంట ఓనరు గూడా అన్నాడు. నావల్ల కాదబ్బయ్యా. నాకు మిగిలింది ఆ రెండు రింగులే."

రీఛార్జి అయినట్టు మెసేజి వచ్చింది. పోలేరయ్య మళ్లీ నొక్కాడు. ఒక రింగు. రెండో రింగు. కట్టయింది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

మరుక్షణం అతని గుంటలో చక్రాలన్నీ నీళ్లు చిమ్ముతూ తిరగసాగాయి.

"స్విచ్చి ఎవరేసినారన్నా?" అంటూ జకరయ్య కట్టమీది స్టార్టరు పెట్టెవైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

ఫోను చేస్తే చక్రాలు తిప్పే ఆ పెట్టెలో ఉన్నది, చనిపోయిన కామాక్షి సిమ్ము.